గేటు కింద నాలుగు వేళ్ల సందు

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు వెనక వీధి. మిరపకాయల కాలం వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికి దుర్గాంబగారి అరుగు నిండిపోయేది. ఏడాదికి సరిపడా కాయ ఎవరిది వాళ్లే కొనుక్కునేవాళ్లు. డాబాల మీద ఎవరిది వాళ్లే ఎండబెట్టుకునేవాళ్లు. ముచ్చికలు తీయడం మాత్రం కలిసి చేసేవాళ్లు. ఇవాళ ఒకరింటి కాయ, రేపు ఇంకొకరిది. గోనెపట్టా పరిచి, మధ్యలో కాయ కుప్పగా పోసి, చుట్టూ కూర్చుని, తుమ్ముకుంటూ తీసేవాళ్లు.

ఆ గంటన్నర ఎవరూ పుస్తకం ముట్టుకోకూడదు. అది అబ్దుల్ ఖాదర్ పెట్టిన రూలు. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఆయనది. ఒకసారి ఎవరో కారం చేత్తో నవల తిరగేశారు. తర్వాత చదివిన ముగ్గురూ మొదటి పేజీ నించీ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. అంత ఏడిపించిందంటే గొప్ప నవలే అయి ఉంటుందని ఇంకో ఆరుగురు వరస కట్టారు. అప్పటినించీ ఆ రూలు.

చదవడానికి వీల్లేదు కాబట్టి చెప్పుకునేవాళ్లు. అరుగెక్కినవాళ్లని "ఏం కూర?" అని అడిగేవాళ్లు కాదు. "ఏం చదువుతున్నారు?" అనేవాళ్లు. నిజం చెప్పాలి. నచ్చకపోతే నచ్చలేదనాలి.

దుర్గాంబగారికి డెబ్బై దాటాయి. వీధిలో అందరికన్నా ఎక్కువ పుస్తకాలు మొదలుపెట్టేది ఆవిడే. అందరికన్నా తక్కువ పూర్తిచేసేదీ ఆవిడే.

"పదకొండో పేజీ దాకా చూస్తానమ్మా. పదకొండు పేజీలైనా ఓ గ్లాసు కాఫీ ఇవ్వని ఇంట్లో నేను కూర్చోను."

"మామ్మగారూ, పన్నెండో పేజీలో ఇస్తారేమో," అంది ఖుర్షిదా. ఖాదర్ కూతురు. ఇంటరు రెండో సంవత్సరం.

"ఇచ్చినా చల్లారిపోయి ఉంటుందే."

అట్లా వదిలేసిన పుస్తకాలు ఇంట్లో ఉండేవి కావు. మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ కునుకు తీసే వేళ లేచేవి. అట్టలు విప్పుకుని, కోడిపెట్ట హడావిడిపడి ఎగిరినట్టు, నేలకి జానెడు ఎత్తున పోయేవి. అంతకన్నా పైకి లేవలేవు. గోడ దాటలేవు. గేటు కిందనించే పోవాలి. ఎక్కడో ఎవరో తన కోసం చూస్తూ ఉంటేనే పుస్తకం కదిలేది. సరిగ్గా వాళ్ల గుమ్మంలోకే పోయి ఆగేది. ట్రంకు రోడ్డు దాటుతుంటే పత్తి లారీల వాళ్లు బ్రేకు వేసేవాళ్లు. వచ్చిన పుస్తకం మీద దూది పోగులుంటే మిల్లు వైపునించి వచ్చినట్టు. ఎర్రటి దుమ్ముంటే మిరపకాయల గోడౌన్ల వైపునించి.

"దుర్గాంబగారూ, మీ నవల మా ఇంటికొచ్చిందండీ," అని ఎవరో ఒకరు అనేవాళ్లు.

"ఉంచుకో తల్లీ. కాఫీ ఎక్కడిచ్చారో చెప్పు."

ఎవరింట్లో తేలితే వాళ్లు కొట్లో తిరిగివ్వాలి. ఖాదర్‌కి దాంతో ఇబ్బందేమీ లేదు. "నేను తిప్పే పని సగం అవే తిప్పుకుంటున్నాయి," అనేవాడు.

శేషాచలం మాస్టారి ఇంట్లోనించి మాత్రం ఒక్క పుస్తకం కూడా అట్లా బయటికి రాలేదు. పద్దెనిమిదేళ్లుగా రాలేదు. ఆయన భార్య సీతారత్నం మొదలుపెట్టింది ఏదైనా పూర్తిచేసేది. నాలుగు వందల పేజీల నవల్లో హీరో ఉత్తరం రాద్దామా వద్దా అని ఆలోచిస్తూనే ఉన్నా, చివరి పేజీ దాకా కూర్చునేది. విస్తట్లో మెతుకు వదలనివ్వని ఇంట్లో పెరిగిన మనిషి. బాగాలేదనేది, పూర్తిచేశాననేది, రెండూ ఒకే గొంతుతో.

ఆవిడ కూతురు సుందరి. పూర్తిపేరు బాలత్రిపురసుందరి. ఆ పిల్ల చదివే తీరు వేరు. చిన్నప్పటినించీ నవల చదువుతూ పక్కన కాగితం పెట్టుకునేది. కథ జరిగే ఇల్లు గీసేది. ఎక్కడ గది, ఎక్కడ వంటిల్లు, కిటికీ ఎటు.

"ఈ ఇంటికి మెట్లు లేవండీ," అంది ఒకసారి అరుగు మీద. "ఆవిడ కోపం వచ్చినప్పుడల్లా మేడ మీదికి పోతుంది. మొత్తం వెతికాను. ఎక్కడా మెట్లు చెప్పలేదు."

"కోపంలో ఎగిరిపోయిందేమోనే," అన్నారు దుర్గాంబగారు.

"కింద వంటిల్లు కూడా పడమటింట్లోనించి పోతేగానీ రాదు. వచ్చిన చుట్టాలందరూ ముసలాయన మంచం దాటుకుని కాఫీ తాగడానికి పోవాలి. నేను వదిలేశానండీ. మా అమ్మే పూర్తిచేసి కొట్లో ఇచ్చేసింది."

ఆ మెట్ల మాట రెండేళ్ల కిందటిది.

ఈ రెండేళ్లలో సుందరి మెడిసిన్ ఎంట్రన్సు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ రాలేదు. మూడోసారికి గుంటూరులో కోచింగు సెంటరు హాస్టల్లో చేర్చారు. అది ఎనభయ్యారో సంవత్సరం. జనవరి నెలాఖరున ఒక పొద్దున, హాస్టలు వార్డెన్ శేషాచలం స్కూలుకి ఫోను చేసింది. అమ్మాయి సంచీ తీసుకుని బయటికెళ్లింది, మీ దగ్గరికొచ్చిందా అని.

రాలేదు. పదైంది, పన్నెండైంది, మూడైంది. శేషాచలం గుంటూరు వెళ్లాడు. సీతారత్నం గేటు పట్టుకుని నిలబడింది. పొద్దు వాలుతుండగా సుందరి చీరాల వైపునించి వచ్చే బస్సు దిగి వచ్చింది.

"బస్సులో నిద్రపోయానమ్మా. పేటలో దిగలేదు. వేటపాలెం దాకా పోయాను."

సీతారత్నం ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది. పెరుగు వడ్డించేటప్పుడు గరిట గిన్నె అంచుకి తగిలి టకటకమంది. అప్పటినించీ ఆవిడ చేతులు సన్నగా వణికేవి. కాయ ముచ్చిక తీస్తుంటే అరుగు మీద అందరికీ కనిపించేది. 

సుందరి మళ్లీ హాస్టలుకి పోలేదు. ఇంట్లోనే చదువుకుని మేలో పరీక్ష రాస్తానంది. పొద్దున కూర్చునేది. పుస్తకం తెరిచి ఉండేది. మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకునేది. కాగితాల మీద గీతలు గీయడం మానేసింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జంతుశాస్త్రం పుస్తకం గడప దగ్గర బోర్లా పడి కనిపించింది. సీతారత్నం తీసి బల్ల మీద పెట్టింది. మర్నాడు గేటు దాకా పోయింది. ఆవిడ పరిగెత్తి పట్టుకుంది.

పాఠ్యపుస్తకాలు కదలడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. వాటి కోసం ఎదురుచూసేవాళ్లు ఉండరు కాబట్టి అవి ఎక్కడివక్కడే పడి ఉండేవి. సీతారత్నం ఆ సంగతి ఆలోచించలేదు. ఆవిడ ఆలోచన ఒకటే. ఈ పిల్లని ఇంట్లో పట్టి ఉంచింది ఈ పుస్తకం. ఇదీ పోతే రేపు ఏ బస్సెక్కుతుందో.

పచ్చడి జాడీ మీది బండ తెచ్చి పుస్తకం మీద పెట్టింది. మధ్యాహ్నం పొడుగూతా పుస్తకం బండ కింద గింజుకుంది. బల్ల అదిరింది, బల్ల మీది గ్లాసులు అదిరాయి. శేషాచలానికి ఆదివారపు కునుకు పోయింది.

"ఏమండీ," అంది సీతారత్నం, "గేటు కిందనించి పందికొక్కులొస్తున్నాయి. చెక్క కొట్టండి."

శేషాచలం ఆవిడవంక చూశాడు. బల్లవంక చూశాడు. "పందికొక్కులే," అన్నాడు. బడిలో విరిగిన బల్ల తాలూకు చెక్క ఒకటి తెచ్చి గేటు కింది సందుకి అడ్డంగా మేకులు కొట్టాడు. బండ తీసేశారు. అప్పటినించీ రోజూ మధ్యాహ్నం పుస్తకం వెళ్లి ఆ చెక్కకి కొట్టుకునేది. సాయంత్రం ఆవిడ తెచ్చి దుమ్ము దులిపేది.

ఇంట్లో ఎవరో ఒకరు ఇష్టంగా చదువుతుంటే పుస్తకం పోదని అందరికీ తెలుసు. సీతారత్నం అదీ చేసి చూసింది. వంటయ్యాక కళ్లజోడు పెట్టుకుని జంతుశాస్త్రం తెరిచింది. బొద్దింక నోటి భాగాలు చదివింది. వానపాము చదివింది. వానపాముకి గుండెలు ఒకటికి మించి ఉంటాయని చదివినప్పుడు మాత్రం కాసేపు ఆగింది. అన్ని గుండెలతో ఆ తల్లి ఎట్లా బతుకుతుందో అనుకుంది. మళ్లీ పేజీ తిప్పింది. ఎంత చదివినా పుస్తకం మోసపోలేదు. ఒళ్లోనే అట్టలు కొట్టుకునేది.

"ఏం చదువుతున్నావే సీతా?" అన్నారు దుర్గాంబగారు అరుగు మీద. "వారమైంది నువ్వు నోరు విప్పి."

అబద్ధం చెప్పకూడదు.

"కప్ప గుండె," అంది సీతారత్నం.

 అరుగంతా నవ్వులు. నవ్వుకి కారం గాలి లోపలికి పోయి అందరూ తుమ్ములు.

"నచ్చిందా?"

"లేదండీ."

"ఎన్నో పేజీ?"

"నూట నలభై."

"నీ ఓపికకి దణ్ణమే."

ఖుర్షిదా నవ్వలేదు. "కప్ప గుండెలో మూడు గదులు కదా పిన్నిగారూ," అంది. "మంచి రక్తం, చెడ్డ రక్తం వచ్చి ఒకే గదిలో పడతాయి. అయినా సరిగ్గా ఎటు పోవాల్సింది అటే పోతుంది. ఎట్లా పోతుందో మా మేడం చెప్పింది గానీ నాకు సగమే అర్థమయింది. పుస్తకంలో బొమ్మ ఉంటుందిట. ఉందా?"

"ఉంది."

"కాలేజీ లైబ్రరీలో ఒక్కటే ఉంది. నా వంతు వచ్చేసరికి ఆ పేజీ లేదు. గుంటూరు కొట్లలో అయిపోయిందన్నారు. మా అబ్బా ఎక్కడెక్కడో అడిగాడు."

"నవలలు వెయ్యి ఉన్నాయి," అన్నాడు ఖాదర్, అరుగు కింద సైకిలు ఆపుకుని. "నా కూతురికి కావాల్సింది ఒక్కటీ లేదు. కప్పలూ తేళ్లూ అద్దెకెవరు తీసుకుంటారు?"

ఖుర్షిదా ఇంకా చెప్తూనే ఉంది. చేతులు ఆగిపోయాయి. ముందున్న కాయ అట్లాగే ఉంది. మొహం వెలిగిపోతోంది. సీతారత్నం ఆ మొహం చూసింది. రెండేళ్ల కిందట, మెట్లు లేని మేడ గురించి చెప్తున్నప్పుడు తన కూతురి మొహం అట్లా ఉండేది.

చూసింది. అయినా ఇంటికెళ్లి చెక్క మేకులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర రెండు చప్పుళ్లు వినిపించాయి. ఒకటి తెలిసిందే. రెండోది బయటినించి. సీతారత్నం కిటికీలోనించి చూసింది. రోడ్డు మీద ఏదో పుస్తకం గేటుకి కొట్టుకుంటోంది. పక్కింటికి పోవాల్సింది దారి తప్పి ఉంటుందనుకుంది.

రెండో రోజూ అక్కడే ఉంది. మంచుకి అట్ట తడిసింది.

మూడో రోజు ఆవిడ గేటు తీయకుండా పై కమ్మీల మీదినించి వంగి చూసింది. దూది పోగులు లేవు. ఎర్రదుమ్మూ లేదు. అట్టంతా బూడిదరంగు పొడి, వేలితో రాస్తే గరగరలాడేట్టు. ఆ పొడి ఆవిడకి తెలుసు. తమ్ముడు చీమకుర్తి రాతి క్వారీలో పనిచేసిన రోజుల్లో, అతని చొక్కాలు మూడు నీళ్లు మార్చినా వదిలేది కాదు. అక్కడినించి ఇక్కడికి బస్సులోనే సగం రోజు. జానెడు ఎత్తున ఎగురుతూ, గేట్ల కింద దూరుతూ, ఇది ఎన్నాళ్లనించి వస్తోందో.

కిందికి వంగి, కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి, పైటచెంగుతో అట్ట తుడిచింది. గీతల్లో ఒక ఇల్లు. పైనించి చూసినట్టు. గదులు, గుమ్మాలు, గుమ్మాల దగ్గర తలుపు ఎటు తెరుచుకోవాలో చూపిస్తూ వంపు గీతలు. పైన 'ఇంటి ప్లాను గీయు విధానము' అని ఉంది. ఒక మూల మెట్లు. ఒక్కో మెట్టుకీ అంకె.

సీతారత్నం చాలాసేపు వంగే ఉంది. గేటుకి అవతల ఒకటి. ఇవతల ఒకటి. మధ్యలో బడి బల్ల చెక్క.

లోపలికెళ్లి సుత్తి తెచ్చింది.

మేకులు శేషాచలం గట్టిగానే కొట్టాడు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. సుత్తి కొస మేకు తలకి అందినట్టే అంది జారిపోయింది. మూడుసార్లు జారింది. చప్పుడుకి సుందరి లేచి వచ్చింది. జుట్టు చెదిరి, చెంప మీద చాప గుర్తులతో నిలబడింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఇటు పట్టుకో."

సుందరి చెక్క పట్టుకుంది. చెక్క ఇవతల ఎగురుతున్న తన పుస్తకాన్ని చూసింది. ఇన్ని రోజులుగా ఏం జరుగుతోందో అప్పుడే తెలిసినట్టుంది. తల వంచుకుంది.

"నేను చదువుతూనే ఉన్నానమ్మా."

"తెలుసు."

"మొదలుపెట్టింది వదిలేస్తే..."

"రెండేళ్లు చదివావు," అంది సీతారత్నం. "పదకొండో పేజీ ఎప్పుడో దాటింది. చాల్లే."

మేకు ఊడింది. రెండోదీ ఊడింది. చెక్క సుందరి చేతిలోకి వచ్చేసింది.

సందు నాలుగు వేళ్ల ఎత్తు. రెండు పుస్తకాలూ ఒక్కసారే రాబోయి ఆగాయి. జంతుశాస్త్రం లావుది. చీమకుర్తి పుస్తకం పక్కకి జరిగి దానికి దారిచ్చింది. అది బయటపడి, ఒళ్లు విదిలించుకుని, వీధి చివరకి ఎగిరింది. పత్తి బండి ఒకటి ఎదురొస్తే బండి తోలేవాడు ఎద్దుల్ని పక్కకి లాగాడు. రెండో పుస్తకం లోపలికొచ్చి సుందరి పాదాల దగ్గర వాలింది.

సుందరి అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఒక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. సీతారత్నం పక్కన కూర్చుంది. ఎండ అరుగు మీదినించి జరిగి వాళ్ల కాళ్ల మీదికొచ్చింది.

"ఆ రోజు నేను నిద్రపోలేదమ్మా," అంది సుందరి, పుస్తకంలోనించి తల ఎత్తకుండా. "పేట వచ్చిందని తెలుసు. దిగబుద్ధి కాలేదు. ఎక్కడికి పోవాలో కూడా తెలీలేదు. వేటపాలెంలో అందరూ దిగుతుంటే దిగాను. జీడిపప్పు గోడౌను వెనక ఒక పాత మేడ ఉంది. మెట్లు బయటినించి ఉన్నాయి, గోడని చుట్టుకుంటూ. దాని ఎదురుగా కూర్చున్నాను. ఆ మెట్లు గోడలో ఎట్లా నిలబడ్డాయా అని చూస్తూ కూర్చున్నాను. చూస్తుండగానే పొద్దువాలింది. ఇంటికి పోదామనిపించింది."

 సీతారత్నానికి అడగాల్సినవి నెల రోజులనించి చాలా ఉన్నాయి.

"ఎన్ని మెట్లు?" అంది.

"పంతొమ్మిది."

"మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టమే."

సుందరి నవ్వింది. లోపలికెళ్లి పెన్సిలు తెచ్చుకుంది.

నాలుగింటికి సీతారత్నం అరుగెక్కేసరికి ఖుర్షిదా చెయ్యి కారంలో పెట్టకుండా కూర్చుంది. ఒళ్లో జంతుశాస్త్రం.

"పిన్నిగారూ, మా ఇంటికొచ్చింది. సుందరక్క పేరుంది దీని మీద. వెనక్కిచ్చెయ్యనా?"

"అక్కర్లేదు. నీకోసమే పోయింది."

"మాస్టారింట్లోంచి పుస్తకం బయటికొచ్చిందటే?" అన్నారు దుర్గాంబగారు కుప్పలోకి చెయ్యి పెడుతూ. "వానలు పడతాయి చూడండి. మిరపకాయలు లోపల పెట్టుకోండి."

అందరూ నవ్వారు. సీతారత్నం కూడా నవ్వింది. ముచ్చికలు తీస్తున్న చేతులు వణకడం లేదని ఆవిడకి ఇంటికెళ్లాక గానీ తట్టలేదు.

ఆ వారం ఆవిడ ఖాదర్ కొట్లో ఒక నవల తెచ్చుకుంది. అరవయ్యో పేజీలో హీరో ఉత్తరం రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఆవిడ పుస్తకం మూసి గడప దగ్గర పెట్టింది. పక్కకి తిరిగి పడుకుంది. జనవరి తర్వాత అంత నిద్ర పట్టడం అదే. పుస్తకం ఎప్పుడు లేచిపోయిందో కూడా తెలీదు.

ఖుర్షిదా ఆ జంతుశాస్త్రాన్ని అట్ట ఊడేదాకా చదివింది. ఊడాక వాళ్ల నాన్న కొత్త అట్ట వేశాడు. మళ్లీ చదివింది. జూన్‌లో సుందరి గుంటూరులో, ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్పే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరింది. హాస్టలు కాదు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. రోజూ పేటలోనే దిగేది.

కోర్సయ్యాక ఆ పిల్ల గీసిన మొదటి ఇల్లు దుర్గాంబగారి కొడుకుది. అదే వీధిలో, పాత ఇంటి పక్కన. మెట్లు తక్కువ ఎత్తువి, మోకాళ్లకి. వంటిల్లు ఎవరి మంచమూ దాటకుండా పోయేట్టు. అరుగు మాత్రం వీధివైపు, ఎనిమిదిమంది పట్టేట్టు.

మేస్త్రీ సంజీవరావు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. పనికెళ్లిన సుందరి ఇంకా బస్సు దిగలేదు. సీతారత్నం అక్కడ ఉంటే ఆవిడనే అడిగాడు.

"అంతా బాగుందమ్మగారూ. ఈ గేటు కింద నాలుగు వేళ్లు సందు వదలమని రాసింది అమ్మాయి. పొరపాటేమోనండీ. పందికొక్కులొస్తాయి."

సీతారత్నం కాగితం తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టింది. నాలుగు వేళ్లు ఆనించి చూసింది.

"రానీ," అంది. "వదలండి."